గుండెల్లో మంట: ఒక మాట, రెండు అవయవాలు

శీతాకాలంలో ఒక రాత్రి పన్నెండు దాటాక మా క్వార్టర్ తలుపు చప్పుడైంది. మన విద్యాలయంలోనే ఎనిమిదో తరగతి చదువుతున్న పక్కింటి అబ్బాయి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "మా తాతయ్యకి బాగోలేదు, ఒకసారి రండి" అన్నాడు. వాళ్ల నాన్నగారు డ్యూటీ మీద ఊరు వెళ్లారు. తాతయ్యగారు పార్వతీపురం దగ్గరి పల్లె నుంచి, విజయనగరం రైలెక్కి, మనవడిని చూడటానికి నాలుగు రోజుల క్రితమే రాయపూర్ వచ్చారు.

మేము వెళ్లేసరికి ఆయన మంచం మీద ముందుకు వంగి కూర్చుని, అరచేత్తో ఛాతీ అదిమి పట్టుకుని ఉన్నారు. "గుండెల్లో మెలిపెట్టేస్తంది, వీపులోకి లాగేస్తంది" అంటున్నారు. ఆ సాయంత్రం ఒక పెళ్లి విందుకు వెళ్లి, పదిన్నరకు భోంచేసి, ఇంటికి రాగానే పడుకున్నారట. "వాయువు పట్టిందంతే, కాస్త వాము నమిలిస్తే సరిపోద్ది" అని నాయనమ్మగారి అభిప్రాయం. "గుండెపోటేమో" అని కోడలి భయం. మేము 108కి ఫోన్ చేశాం.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు హిందీలో అడిగారు. తాతయ్యగారికి హిందీ రాదు. మనవడు దుబాసీ అయ్యాడు. తాతయ్య "గుండెల్లో మంట, మెలి" అంటే వాడు ధైర్యంగా "దాదాజీ కే దిల్ మే జలన్ హై" అన్నాడు. పక్కనున్న నర్సు ముఖం ఒక్క క్షణం వింతగా మారింది. హిందీలో 'దిల్ మే జలన్' అంటే అసూయతోనో, విరహంతోనో మనసు మండిపోవడం. డాక్టరు మాత్రం నవ్వలేదు. "సీనే మే? కహాఁ? కైసా దర్ద్?" అని మళ్లీ అడిగారు. 'మెలిపెట్టడం' దగ్గర అబ్బాయి ఆగిపోయాడు. ఆ మాటకు హిందీ వాడికి తెలియలేదు. అప్పుడు మేము అందుకున్నాం.

ఆ రాత్రి తీసిన ఇ.సి.జి.లో తేడా లేదు. కొన్ని గంటల తర్వాత మళ్లీ తీశారు. ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష రెండుసార్లు చేశారు. తెల్లవారేసరికి గుండెకు ప్రమాదం లేదని తేల్చారు. తరువాత జీర్ణకోశ వైద్యుడు ఎండోస్కోపీ చేస్తే అన్నవాహిక అడుగుభాగం ఆమ్లానికి ఒరుసుకుపోయి, ఎర్రబడి కనిపించింది. నొప్పి గుండెది కాదు, అన్నవాహికది.

అయితే నాయనమ్మగారు చెప్పిందే నిజమా? వాము నమిలి పడుకుంటే సరిపోయేదా? ఈ పాఠం రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

గుండె ఒకటే, గుండెలు వేరు

మనది భాషా విభాగం కాబట్టి ముందు మాటతో మొదలుపెడదాం. మనిషికి ఉండేది ఒకే గుండె. కానీ తెలుగులో 'గుండెలు బాదుకున్నాడు', 'గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోయాడు', 'బిడ్డను గుండెలకు హత్తుకుంది' అంటాం. ఇక్కడ 'గుండెలు' అంటే హృదయాలు కావు, ఛాతీ. గుండెలు బాదుకునేవాడి చెయ్యి తగిలేది రొమ్ము మీదనే కదా! అలాగే 'గుండెల్లో మంట' అంటే గుండెలో మంట కాదు, ఛాతీలో మంట. బహువచనం చేసే పని అది. అబ్బాయి ఆ 'లు'ను వదిలేసి 'దిల్' అన్నాడు. 'సీనా' అని ఉంటే సరిపోయేది.

ఈ గందరగోళం తెలుగువాళ్లకే పరిమితం కాదు. ఇంగ్లిషువాళ్లు ఇదే మంటను 'హార్ట్‌బర్న్' అన్నారు, గుండెకు దానితో సంబంధం లేకపోయినా. ప్రాచీన గ్రీకులు 'కార్డియా' అనే మాటను గుండెకూ వాడారు, జీర్ణాశయం పై ద్వారానికీ వాడారు. అన్నవాహిక జీర్ణాశయంలో కలిసే చోటును వైద్య గ్రంథాలు నేటికీ 'కార్డియా' అనే అంటాయి. హృద్రోగ వైద్యానికి 'కార్డియాలజీ' అనే పేరు వచ్చిందీ ఆ మూలం నుంచే. ఇన్ని భాషలు ఒకే చోట తడబడ్డాయంటే తప్పు భాషలది మాత్రమే కాదు. శరీరమే అక్కడ మనల్ని తడబడేలా చేస్తుంది.

అన్నవాహిక ఎక్కడ ఉంది?

గొంతు నుంచి జీర్ణాశయం దాకా ఉన్న కండరాల గొట్టం అన్నవాహిక. పెద్దవాళ్లలో దీని పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. శ్వాసనాళానికి వెనకగా, వెన్నెముకకు ముందుగా దిగి, గుండె వెనక నుంచి వెళ్లి, ఉదరవితానంలోని రంధ్రం గుండా పొట్టలోకి చేరుతుంది. గుండెలోని ఎడమ కర్ణికకు సరిగ్గా వెనక ఆనుకుని ఉంటుంది. ఎంత దగ్గరంటే, గుండెను స్పష్టంగా చూడాలనుకున్నప్పుడు వైద్యులు కొన్నిసార్లు అన్నవాహికలోకి చిన్న గొట్టం దింపి, అక్కడి నుంచి అల్ట్రాసౌండ్‌తో గుండెను చూస్తారు.

మనం మింగిన ముద్ద దానంతట అదే కిందికి జారిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అన్నవాహిక కండరాలు పై నుంచి కిందికి వరసగా బిగుసుకుంటూ ముద్దను తోస్తాయి. సైన్సు పాఠంలో మీరు చదివిన 'పెరిస్టాల్సిస్' ఇదే. అందుకే శీర్షాసనంలో ఉన్నవాడు కూడా నీళ్లు మింగగలడు. అన్నవాహిక అడుగున ఒక కండరపు కవాటం ఉంటుంది. ముద్ద రాగానే తెరుచుకుని, వెంటనే మూసుకుంటుంది. జీర్ణాశయంలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పైకి రాకుండా కాపలా కాసేది ఆ కవాటమే. జీర్ణాశయపు గోడకు ఆమ్లాన్ని తట్టుకునే జిగురు పూత ఉంటుంది. అన్నవాహికకు అటువంటి రక్షణ లేదు.

ఇక నొప్పి సంగతి. గుండె నుంచి నొప్పి కబురు మోసే నరాలూ, అన్నవాహిక నుంచి మోసే నరాలూ వెన్నుపాములో దాదాపు ఒకే చోట, ఛాతీ పైభాగానికి చెందిన మెట్లలో చేరతాయి. రాయపూర్ స్టేషన్లో హావ్‌డా నుంచి వచ్చిన బండి దిగినవాళ్లూ, ముంబయి నుంచి వచ్చిన బండి దిగినవాళ్లూ ఒకే గేటు గుండా బయటికి వస్తే, బయట నిలబడ్డ ఆటోవాడికి ఎవరు ఏ బండి దిగారో ఏం తెలుస్తుంది? మెదడు పరిస్థితీ అంతే. 'ఛాతీలో ఏదో జరుగుతోంది' అని దానికి తెలుస్తుంది, ఎవరు పంపిన కబురో తెలియదు. అదే నరాల మెట్ల దగ్గరికి చేతుల నుంచి వచ్చే నరాలు కూడా చేరతాయి కనుక గుండెనొప్పి ఎడమ చేతిలోకి, దవడలోకి పాకుతుంది. అన్నవాహిక నొప్పి కూడా ఒక్కోసారి అలాగే వీపులోకి, చేతిలోకి, దవడలోకి పాకుతుంది.

అన్నవాహికకు నొప్పి ఎందుకు వస్తుంది?

మొదటిది, చాలా ఎక్కువగా కనిపించేది, ఆమ్లం ఎగదన్నడం. అడుగు కవాటం వదులైతే ఆమ్లం పైకి వచ్చి అన్నవాహికను ఒరుస్తుంది. కడుపు నిండా తిని వెంటనే పడుకున్నా, వంగినా మంట పెరుగుతుంది. నోట్లోకి పుల్లటి నీళ్లు వస్తాయి, పులితేన్పులు వస్తాయి. కొందరిలో ఇవేవీ లేకుండా ఛాతీనొప్పి ఒక్కటే ఉంటుంది. తాతయ్యగారిది ఆ రకమే.

రెండవది, కండరాల ఈడ్పు. క్రమంగా కదలవలసిన కండరాలు ఒక్కసారిగా, లేదా మరీ బలంగా బిగుసుకుంటాయి. ఎవరో పిడికిలిలో పట్టి నలిపినట్లు నొప్పి వస్తుంది. కొన్ని నిమిషాల నుంచి గంట దాకా ఉండవచ్చు. కొందరికి మరీ చల్లని, మరీ వేడి పానీయాలు దీన్ని రేపుతాయి. గుండెనొప్పిని అచ్చంగా అనుకరించేది ఇదే.

మూడవది, అడుగు కవాటం తెరుచుకోకపోవడం. దీన్ని 'అకలేషియా' అంటారు. తిన్నది పైనే నిలిచిపోతుంది, నీళ్లు కూడా దిగవు. 1674లో థామస్ విల్లిస్ అనే ఆంగ్ల వైద్యుడు ఇటువంటి రోగి గురించి రాశాడు. తిమింగలం ఎముకతో చేసిన పుల్ల చివర స్పాంజి ముక్క కట్టి, దానితో ఆహారాన్ని కిందికి నెట్టించి ఆ మనిషిని బతికించాడు. ఇప్పుడు అంత అవస్థ లేదు. 2008లో జపాన్ వైద్యుడు హరుహిరో ఇనోవే నోటి ద్వారా ఎండోస్కోపును పంపి, బిగుసుకున్న కండరాన్ని లోపలి నుంచే కోసే పద్ధతి మొదలుపెట్టారు. దాని పొడుగాటి ఇంగ్లిషు పేరులోని మొదటి అక్షరాలు కలిపితే 'పోయెమ్' అవుతుంది. కవిత అనే పేరుతో ఒక శస్త్రచికిత్స ఉందంటే భాషా ఉపాధ్యాయులకు ముచ్చటే! మన తెలుగునేల మీద, హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో ఈ చికిత్స చేస్తున్నారు. ఆ సంస్థను స్థాపించిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి కర్నూలు వైద్య కళాశాలలో చదువుకున్నవారు. 2025లో ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించారు.

నాలుగవది మీ వయసువాళ్లకు కూడా రాగలది: మాత్ర ఇరుక్కోవడం. డాక్సీసైక్లిన్ వంటి కొన్ని మందులను గుక్కెడు నీళ్లతో మింగి వెంటనే పడుకుంటే, మాత్ర అన్నవాహిక గోడకు అంటుకుని అక్కడే కరిగి పుండు చేస్తుంది. మాత్ర వేసుకుంటే గ్లాసుడు నీళ్లు తాగాలి, అరగంటైనా నిటారుగా ఉండాలి.

మేము చేసిన తప్పు

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం, మరో రాష్ట్రంలో పనిచేస్తున్నప్పుడు, మాతో పాటు ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. వయసు యాభై దాటింది, షుగరు ఉంది. ఒక సాయంత్రం స్టాఫ్ రూములో కూర్చుని "ఛాతీ మీద ఏదో బరువు పెట్టినట్టుందండీ" అన్నారు. నుదుట చెమట పట్టి ఉంది. మధ్యాహ్నం కాంటీన్‌లో పూరీలు తిన్నారని మాకందరికీ తెలుసు. "గ్యాస్ మాస్టారూ, సోడా తాగండి" అన్నాం. సోడా తెచ్చి ఇచ్చింది కూడా మేమే. తాగారు. పెద్ద తేన్పు వచ్చింది. "ఇప్పుడు తేలికైంది" అని నవ్వి ఇంటికి వెళ్లారు. తెల్లారేసరికి ఆయన లేరు.

ఆ రోజు మాకు తెలియని సంగతులు మూడున్నాయి. అవి మీరు తెలుసుకోవాలి.

ఒకటి: తేన్పు వచ్చి నొప్పి తగ్గితే అది గ్యాసేనని రుజువు కాదు. సోడాతోనో, యాంటాసిడ్‌తోనో తగ్గినట్లనిపించిన నొప్పి గుండెది కూడా కావచ్చు. గుండెనొప్పి కాసేపు వచ్చి, తగ్గి, మళ్లీ వస్తుంది. అది తగ్గిన వేళా, సోడా తాగిన వేళా ఒకటైతే మనం సోడాకు పేరు కట్టబెడతాం.

రెండు: నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ మాత్రతో తగ్గితే అది గుండెనొప్పేనని కూడా రుజువు కాదు. ఆ మందు గుండె రక్తనాళాలను వదులు చేసినట్లే అన్నవాహిక కండరాలనూ వదులు చేస్తుంది.

మూడు: గుండెపోటు ఎప్పుడూ సినిమాల్లో చూపినట్లు గుండె పట్టుకుని కూలిపోయేలా రాదు. బరువుగా, బిగుతుగా మాత్రమే ఉండవచ్చు. షుగరు ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో, పెద్ద వయసువాళ్లలో నొప్పి బాగా తక్కువగా ఉండి, ఆయాసం, చెమట, వికారం, చెప్పలేని నీరసం మాత్రమే కనిపించవచ్చు.

కాబట్టి నాయనమ్మగారి ఊహ నిజమైనా, ఆవిడ నిర్ణయం తప్పే. అది అన్నవాహిక నొప్పి అని వామో, సోడానో చెప్పలేవు. ఇ.సి.జి., ట్రోపోనిన్ చెప్పాలి. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్ ట్రోపోనిన్. అది పెరగడానికి కొంత సమయం పడుతుంది. మొదటి ఇ.సి.జి. కూడా ఒక్కోసారి మామూలుగా ఉండవచ్చు. అందుకే వైద్యులు కొన్ని గంటలు ఆగి పరీక్షలు మళ్లీ చేస్తారు. 'ఒకసారి చూశారుగా, ఇంటికి పోదాం' అని తొందరపెట్టకూడదు.

ఛాతీనొప్పి వరస ఎప్పుడూ ఒకటే: ముందు గుండె, తరువాత అన్నవాహిక. గుండె విషయంలో ఆలస్యం ప్రాణం తీస్తుంది. అన్నవాహిక కొన్ని గంటలు ఆగగలదు.

గుండె బాగుందన్న తరువాత

వరసలో రెండో సగం కూడా ముఖ్యమే. చాలామంది "గుండెకేమీ లేదన్నారు" అని సంతోషించి అక్కడితో ఆపేస్తారు. నొప్పి మళ్లీ వస్తుంది, మళ్లీ అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగు, మళ్లీ అదే ఇ.సి.జి. మధ్యలో మనిషి భయంతో మెట్లెక్కడం మానేస్తాడు, ప్రయాణం మానేస్తాడు. "నీకు ఏమీ లేదు, అంతా మనసులోనే" అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. గుండెలో ఏమీ లేకపోవడం, ఏమీ లేకపోవడం రెండూ ఒకటి కావు. నొప్పి నిజం. దాని చిరునామా వేరు.

ఆ చిరునామా వెతకడానికి దారులున్నాయి. సన్నని గొట్టంతో లోపలికి చూసేది ఎండోస్కోపీ. 1868లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్‌మౌల్ నిటారు గొట్టాన్ని లోపలికి దింపడానికి కత్తులు మింగే గారడీవాడి సాయం తీసుకున్నాడు. ఇప్పటి గొట్టం మెత్తగా వంగుతుంది, చివర చిన్న కెమెరా ఉంటుంది. అన్నవాహికలోకి ఆమ్లం ఎన్నిసార్లు వస్తోందో రోజంతా లెక్కపెట్టే పరీక్ష ఉంది. కండరాలు ఎంత బలంగా, ఏ వరసలో బిగుసుకుంటున్నాయో కొలిచే పరీక్షను 'మానోమెట్రీ' అంటారు. ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ వంటి మందులను సాధారణంగా భోజనానికి అరగంట ముందు వేసుకోమంటారు. అవి బాగా పనిచేస్తాయి. కానీ వైద్యుణ్ణి అడగకుండా మందుల షాపులో కొనుక్కుని నెలల తరబడి మింగడం మంచిది కాదు.

తెలుగులో ఇష్టం లేని విషయాన్ని 'మింగుడు పడలేదు' అంటాం. ఆ మాట నిజమైన అర్థంలో వినిపిస్తే మాత్రం నిర్లక్ష్యం చేయకండి. ముద్ద గొంతు దిగకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తపు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం, వీటిలో ఏది కనిపించినా త్వరగా వైద్యుడికి చూపించాలి.

నొప్పికి పేరు పెట్టకండి, వర్ణించండి

ఆ రాత్రి ఆసుపత్రిలో మాకు తట్టిన అసలు పాఠం ఇది. మాస్టారి విషయంలో మేము నొప్పికి పేరు పెట్టాం: గ్యాస్. పేరు పెట్టగానే ఆలోచన ఆగిపోయింది. పేరు పెట్టడం వైద్యుడి పని. రోగి పని, రోగి పక్కనున్నవాళ్ల పని, వర్ణించడం.

వర్ణించడానికి తెలుగులో మాటల కరవు లేదు. మంట వేరు, పోటు వేరు, సలుపు వేరు, పీకు వేరు. పుండు సలుపుతుంది, తల పోటెడుతుంది, కాళ్లు పీకుతాయి, కడుపు మెలిపెడుతుంది, నడుం పట్టేస్తుంది. ఒక్కొక్క మాట ఒక్కొక్క రకం నొప్పిని చూపిస్తుంది. మీ తాతయ్యలు, అమ్మమ్మలు ఈ మాటలు తూచినట్లు వాడతారు. రాయపూర్‌లో, బిలాస్‌పూర్‌లో, భిలాయిలో పుట్టి పెరిగిన మీకు హిందీ బాగా వచ్చు. వాళ్లకూ డాక్టరుకూ మధ్య వంతెన మీరే. అందుకని ఈ పట్టిక:

మంట – జలన్
బరువు, నొక్కినట్లు – భారీపన్, దబావ్
బిగుతు, పట్టేసినట్లు – జకడన్
గుచ్చినట్లు – చుభన్
మెలిపెట్టినట్లు – ఐంఠన్, మరోడ్
ఆయాసం – సాంస్ ఫూల్నా
చెమటలు – పసీనా
వికారం – జీ మచల్నా
కళ్లు తిరగడం – చక్కర్ ఆనా
పులితేన్పులు – ఖట్టీ డకార్
మింగుడు పడకపోవడం – నిగల్నే మే తక్లీఫ్
గుండెల్లో – సీనే మే ('దిల్ మే' కాదు!)

దీనితో పాటు ఆరు ప్రశ్నలకు జవాబులు చెప్పగలగాలి. ఎప్పుడు మొదలైంది? ఎక్కడ ఉంది, ఎటు పాకుతోంది? ఎలా ఉంది? ఎంతసేపు ఉంది? ఏం చేస్తే పెరిగింది, నడిస్తేనా, తింటేనా, పడుకుంటేనా? దానితో పాటు ఇంకేమున్నాయి, చెమటా, ఆయాసమా, వాంతా? షుగరు, బీపీ ఉన్నాయా, ఏ మందులు వాడుతున్నారు అన్నది కూడా చెప్పాలి. వాడే మందుల చీటీ వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది.

ఒక జాగ్రత్త. రోగి "మెలిపెడుతోంది" అంటే మీరు "గ్యాస్ హై" అని అనువదించకూడదు. ఆయన అన్నది అన్నట్లే చెప్పాలి. అనువాదంలో మన అభిప్రాయం కలపకూడదని తరగతిలో చెబుతుంటాం. అక్కడ పోయేది మార్కులు. ఇక్కడ పోయేది ప్రాణం.

ఇంట్లో పాటించవలసినవి

పెద్దవాళ్లకు ఛాతీలో కొత్తగా నొప్పి, బరువు, బిగుతు వచ్చి కొన్ని నిమిషాల్లో తగ్గకపోతే, లేదా దానితో చెమట, ఆయాసం, వికారం ఉంటే, వాదించుకోకుండా 108కి ఫోన్ చేయండి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ సేవ ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లోనూ అదే నంబరుతో ఉంది. రోగిని నడిపించకండి, మెట్లు దించకండి, బండి వెనక కూర్చోబెట్టి తీసుకెళ్లకండి. రాయపూర్‌లో ఎయిమ్స్ ఉంది, మనమందరం 'మెకాహారా' అని పిలుచుకునే అంబేడ్కర్ ఆసుపత్రి ఉంది. ఇ.సి.జి. తీసే ఆసుపత్రి మీ ఇంటికి ఏది దగ్గరో ఈరోజే తెలుసుకుని పెట్టుకోండి.

పిల్లల్లో ఛాతీనొప్పి చాలావరకు కండరాలదో, దగ్గుదో అవుతుంది. గుండె కారణం కావడం అరుదు. కానీ ఆడుతుండగా, పరుగెత్తుతుండగా నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా పి.టి. సార్‌కూ, ఇంట్లోనూ తప్పక చెప్పాలి. దాచకూడదు.

అన్నవాహిక నొప్పి అని వైద్యుడు తేల్చినవాళ్లకు అలవాట్లే సగం మందు. రాత్రి భోజనానికీ, నిద్రకూ మధ్య రెండు మూడు గంటలు ఉండాలి. కడుపు బిగిసేలా తినకూడదు. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తు చేయాలి. తలగడలు మాత్రమే పేర్చితే మెడ వంగుతుంది కానీ ఛాతీ పైకి లేవదు. ఎక్కువ బరువుంటే తగ్గించుకోవాలి. పొగ, మద్యం మానాలి. ఎవరికి ఏ తిండి పడదో గమనించి దాన్ని తగ్గించుకోవాలి. ఆవకాయ అందరికీ శత్రువు కాదు, కొందరికి కాఫీ పడదు, కొందరికి వేపుళ్లు.

మన పెద్దలు 'వామకుక్షి' అన్నారు, అంటే ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం. జీర్ణాశయం పెద్ద సంచి ఎడమవైపు ఉంటుంది కనుక ఆ పక్కకు పడుకుంటే ఆమ్లం అన్నవాహిక ద్వారానికి దిగువన నిలుస్తుంది. కుడి పక్కకు తిరిగితే ఎగదన్నే అవకాశం ఎక్కువ. పాత మాటలో ఒక నిజం ఉంది. అయితే తిన్న వెంటనే కాదు, ఆ రెండు గంటలూ గడిచాకే.

తాతయ్యగారు నెల్లాళ్లు ఇక్కడే ఉన్నారు. రాత్రి ఏడున్నరకే తినేసి, మన విద్యాలయం గోడ పక్కనున్న దారిలో మనవడితో నడిచేవారు. వెళ్లే ముందు రోజు మాతో, "ఆ రాత్రి ఈడు నన్ను డాక్టరమ్మ దగ్గర మనసు మండిపోతున్న ముసలాణ్ణి చేసేశాడు" అని చెప్పి నవ్వారు. మనవడు సిగ్గుపడి, "ఇప్పుడు అన్ని మాటలూ నేర్చుకున్నాను తాతయ్యా" అన్నాడు.

అభ్యాసం

1. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి నొప్పిని చెప్పే తెలుగు మాటలు పది సేకరించండి. ప్రతి మాటకూ ఒక సొంత వాక్యం రాయండి.
2. 'గుండె', 'గుండెలు' అనే రెండు మాటలనూ వేర్వేరు అర్థాల్లో వాడుతూ రెండేసి వాక్యాలు రాయండి.
3. పై పట్టిక చూడకుండా, "గుండెల్లో బరువుగా ఉంది, ఆయాసం వస్తోంది, చెమట పడుతోంది" అనే మాటలను హిందీలో చెప్పండి.
4. మీ తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మ వాడే మందుల పేర్లు ఒక కాగితం మీద రాసి, 108 నంబరుతో పాటు ఇంట్లో అందరికీ కనిపించే చోట అతికించండి. ఈ నాలుగో పనిని మేము తరగతిలో దిద్దము. కానీ ముందు చేయవలసింది అదే.